అమెరికన్ ఫుట్‌బాల్‌లో డబ్బు ఒక్కరికే ఉంటే ఎవరిని ఉంచుకోవాలి: ముందు వరస (లైన్) మధ్యలోంచి తోసుకొచ్చే డిఫెన్సివ్ టాకిల్‌నా, పాస్ అందుకునే రిసీవర్‌ని కాచే కార్నర్‌బ్యాక్‌నా?

మూడో డౌన్:
అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2024 సీజన్‌కి ఒక్కో జట్టు జీతాల పరిమితి 25.54 కోట్ల డాలర్లు. 53 మందినీ అందులోనే సర్దాలి. ఆ మార్చిలో కాన్సస్ సిటీ చీఫ్స్ టాకిల్ క్రిస్ జోన్స్‌కి అయిదేళ్లకి దాదాపు 15.9 కోట్ల డాలర్లు ఇచ్చి ఉంచుకుంది. కార్నర్ లజేరియస్ స్నీడ్‌ని మాత్రం టెనెసీ జట్టుకి ఇచ్చేసి, 2025 డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) మూడో రౌండ్‌లో ఒకర్ని ఎంచుకునే హక్కు, అంటే పిక్, తీసుకుంది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. పక్కనుంచి వచ్చేవాణ్ణి పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందుకు జరిగి తప్పించుకుంటాడు. మధ్యలోంచి తోసుకొచ్చేవాడుంటే ఆ జరిగే చోటే ఉండదు.

కవర్ టూ:
నేను ఒప్పుకోను అన్నా. బంతి రెండు సెకన్లలో వదిలేస్తుంటే టాకిల్ ఏం చేరతాడు? రిసీవర్‌ని మొదటి అడుగుల్లోనే అడ్డుకునే కార్నర్ ఉంటేనే లైన్‌కి టైమ్ దొరుకుతుంది. 2024 జనవరిలో బాల్టిమోర్ మీద ఆట గుర్తుందా? నాలుగో క్వార్టర్, వాళ్ల రిసీవర్ జే ఫ్లవర్స్ గోల్ లైన్ దాటబోతున్నాడు, స్నీడ్ బంతిని కొట్టి చేతిలోంచి ఊడగొట్టాడు. చీఫ్స్ 17-10తో గెలిచింది. అలాంటివాణ్ణి మూడో రౌండ్ పిక్‌కి వదిలేస్తారా? నాకు ఇప్పటికీ బాధే.

మూడో డౌన్:
అది గొప్ప ప్లే, కాదనను. కానీ ఎవరు మంచి ఆటగాడన్నది కాదు, ఎవరి లోటు పూడ్చగలం అన్నదే ప్రశ్న. 2022 మొదటి రౌండ్‌లో తీసుకున్న కార్నర్ ట్రెంట్ మెక్‌డఫీ అప్పటికే తక్కువ జీతంతో జట్టులో ఉన్నాడు. జోన్స్‌కి అలాంటి వారసుడు లేడు. పైగా టెనెసీలో మొదటి సీజన్‌లో స్నీడ్ గాయంతో అయిదు ఆటలే ఆడాడు.

కవర్ టూ:
గాయం సంగతి తర్వాత తెలిసింది. దాన్ని నిర్ణయానికి సాక్ష్యంగా తేవద్దు.

క్యాప్ లెక్క:
ఆ మాట నిజం. అయితే వయసు సంగతి మార్చిలోనే తెలుసు కదా. జోన్స్‌కి 29 నిండి 30 దగ్గర పడుతోంది, స్నీడ్‌కి 27. సంతకానికి ఇచ్చే సైనింగ్ బోనస్‌ని జీతాల పరిమితి లెక్కల్లో అయిదేళ్ల దాకా పరుస్తారు. మధ్యలో తీసేస్తే మిగిలినదంతా ముందుకొచ్చి మీద పడుతుంది. ఆడని మనిషి పేరున కోట్లు పోతాయి. అందుకే పెద్ద వయసు టాకిల్‌కి పొడుగు కాంట్రాక్టు అంటే నాకు టెన్షన్.

మూడో డౌన్:
మరి 2025 ఫిబ్రవరి ఫైనల్, సూపర్ బౌల్? ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఒక్క బ్లిట్జ్ (లైన్‌కి తోడు అదనపు మనుషులతో దాడి) కూడా పంపకుండా చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని ఆరుసార్లు శాక్ చేసి (బంతి విసిరేలోపే పడగొట్టి) 40-22తో గెలిచింది. పనంతా లైన్‌దే. వెనక కార్నర్లు క్విన్యాన్ మిచెల్, కూపర్ డిజీన్ ఇద్దరూ ఆ ఏడాదే డ్రాఫ్టయిన కుర్రాళ్లు.

కవర్ టూ:
అదే డిజీన్ ఆ ఆటలో పాస్ పట్టేసి టచ్‌డౌన్ చేశాడు, అదీ చెప్పు. ఇంకో సంగతి: గెలిచిన నెలకే ఈగిల్స్ లైన్‌లోంచి మిల్టన్ విలియమ్స్, జాష్ స్వెట్‌లని వెళ్లనిచ్చింది. కాంట్రాక్టు ఇచ్చి నిలుపుకున్నది లైన్ వెనక ఆడే లైన్‌బ్యాకర్ జాక్ బాన్‌ని.

క్యాప్ లెక్క:
ఈగిల్స్ టాకిల్ జేలెన్ కార్టర్ అప్పటికి ఇంకా చవకైన మొదటి కాంట్రాక్టులోనే ఉన్నాడు కాబట్టి ఆ ధైర్యం చేశారు. పొజిషన్ చూసి కాదు, ఎవరి వెనక చవకగా ఎవరున్నారో చూసి వదులుకున్నారు. ఈ లెక్కన మెక్‌డఫీ ఉన్నప్పుడు స్నీడ్‌ని పంపడం సరే. నా అభ్యంతరమల్లా జోన్స్‌కి ఇచ్చిన ఆ అయిదేళ్ల మీదే.