తెల్ల జిల్లేడు, మామూలు జిల్లేడు: తేడా ఎలా పట్టాలి?

నార్సింగి గడ్డిపూలు:
ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారి పక్కన రెండు రకాల జిల్లేళ్లున్నాయి. ఒకదాని పూలు పెద్దవి, లేత ఊదా. రెండోదానివి చిన్నవి, తెల్లగా ఉండి రేకుల కొసల్లో ముదురు ఊదా మచ్చ. రెండోదేనా తెల్ల జిల్లేడు? పూలు లేనప్పుడు ఎలా పోల్చుకోవాలి? తవ్వి తెచ్చి పెరట్లో నాటొచ్చా?

రాళ్లగుట్ట:
కాదండీ. రెండోది కలోట్రోపిస్ ప్రొసెరా అనే వేరే జాతి జిల్లేడు, మొదటిది కలోట్రోపిస్ జైగాంటియా. పూజకు వాడే తెల్ల జిల్లేడు సాధారణంగా కలోట్రోపిస్ జైగాంటియాలోని తెల్లపూల రకం. అంటే మీ మొదటి పొదకు తోబుట్టువు, రెండోదానికి దాయాది మాత్రమే.

రంగును నమ్ముకోకండి, రేకుల తీరు చూడండి. జైగాంటియా పువ్వు 2.5 నుంచి 4 సెం.మీ. ఉంటుంది, రేకులు విచ్చుకుని వెనక్కి వాలతాయి. మచ్చ ఉండదు. ప్రొసెరా రేకులు గిన్నెలా పైకి నిలబడతాయి. మొగ్గయినా చాలు: గుండ్రంగా ఉంటే ప్రొసెరా, కోలగా ఉంటే జైగాంటియా. పూలు లేకపోతే కాయ చూడండి. ప్రొసెరాది మామిడికాయంత ఉబ్బిన కాయ, నొక్కితే మెత్తగా దిగుతుంది. జైగాంటియాది సన్నగా, వంపు తిరిగి ఉంటుంది. ఆకులతో తేల్చడం దండగ, రెండింటికీ అదే మందం, అదే తెల్లటి నూగు.

మిద్దెతోట:
ముదురు మొక్కను తవ్వొద్దు. తల్లివేరు బాగా లోతుకు దిగుతుంది, అది తెగితే మొక్క బతకడం కష్టం. గింజ వేస్తే తెల్లపూలే వస్తాయన్న భరోసా లేదు, తుమ్మెదలు పక్క పొదల పుప్పొడి మోసుకొస్తాయి. బొటనవేలంత లావు కొమ్మ జానెడు కోయండి. పాలు కారడం ఆగాక నీడలో ఒకట్రెండు రోజులు ఆరనిచ్చి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. ఎక్కువగా చచ్చేది ఎండకు కాదు, రోజూ నీళ్లు పోసి కుళ్లబెట్టడం వల్లే.

రాళ్లగుట్ట:
కోసేటప్పుడు చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. పాలు కంట్లో పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, కొన్ని గంటలకు చూపు మసకబారుతుంది. నొప్పి లేదని ఊరుకోకుండా, నలపకుండా, కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి వెంటనే కంటి డాక్టరుకు చూపించుకోవాలి.

నార్సింగి గడ్డిపూలు:
మొగ్గ గుండ్రంగానే ఉందండీ, ప్రొసెరాయే. ఆకుల మీద నలుపు, పసుపు, తెలుపు చారల పురుగులున్నాయి. మందు కొట్టాలా?

మిద్దెతోట:
వద్దు. అవి ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్లలు. ఆకులు తినేసినా పొద మళ్లీ చిగురిస్తుంది.