లగూన్ 380 తీసుకోవాలా, 450 తీసుకోవాలా? బుర్ర వేడెక్కిపోయింది

చెసపీక్ చంటి:
సాయంత్రం నుంచి ఎక్సెల్ షీటు ముందే కూర్చున్నా, ఇప్పుడు రాత్రి రెండున్నర. యూట్యూబ్‌లో ఒకడు చిన్నదే చాలంటాడు, ఇంకొకడు పెద్దది కొనకపోతే రెండేళ్లకే ఏడుస్తావంటాడు. రెండూ సెకండ్ హ్యాండ్ క్యాటమరాన్లే (రెండు పడవలు పక్కపక్కన కలిపినట్టుండే తెరచాప బోట్లు). 380 అయితే చేతిలో డబ్బు మిగుల్తుంది, 450కి లోన్ తీసుకోవాలి. ఏది తీసుకోమంటారు? "మీ అవసరాన్ని బట్టి" అని మాత్రం అనకండి ప్లీజ్. విని విని విసుగొచ్చింది.

లంగరు:
ఎక్కడ తిరుగుతారు? ఎంతమంది?

పాతకాపు:
బాబూ, నా మాట వింటే రెండూ వద్దు. అడుగున బరువున్న మోనోహల్ (ఒకే పడవలా ఉండే మామూలు బోటు) ఒరిగినా మళ్లీ లేస్తుంది. క్యాటమరాన్ బోల్తా పడితే అలాగే ఉండిపోతుంది. పైగా అది ఒరగదు కాబట్టి గాలి ఎక్కువైందని ఒంటికి తెలియదు, మీటర్ చూసి తెరచాప తగ్గించుకోవాలి. అందులో చిన్నది ఇంకా ప్రమాదం. కొలతలన్నీ రెట్టింపు చేస్తే గాలి పడదోసే బలం 8 రెట్లే పెరుగుతుంది, నిలబెట్టే బలం 16 రెట్లు. అందుకే నేను ముప్పై ఏళ్లుగా

లంగరు:
ఆయన మోనోహల్ గురించి అడగలేదు.

పాతకాపు:
మెసేజ్ సగంలో పోయింది. సరే, అడగలేదని మంచి మాట చెప్పకూడదా?

చెసపీక్ చంటి:
నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. అమ్మానాన్న వస్తే ఆరుగురం. ఉండేది వర్జీనియాలో నార్ఫోక్ దగ్గర. నవంబర్‌లో బహామాస్‌కి దిగి, వేసవికి వెనక్కి రావాలని ప్లాన్. మా ఆవిడకి సముద్రం పడదు కాబట్టి ఫ్లోరిడా దాకా ఐసీడబ్ల్యూలోనే (తీరం లోపలి పక్కగా సాగే నీటిదారి) వెళ్తాం. అందరూ అలాగే వెళ్తారు కదా అని రాయలేదు.

అలల అప్పారావు:
అన్నా, అసలు సంగతి ఇప్పుడు చెప్పావు! ఆ దారిలో కదలని వంతెనలు నీళ్ల మీద నుంచి 65 అడుగులు ఉంటాయని లెక్క. ఆలిగేటర్ రివర్ - పంగో కెనాల్ మీద ఉన్న విల్కర్సన్ బ్రిడ్జి 64 మాత్రమే. 450 మాస్టు 65 దాటేస్తుంది. అంటే నార్ఫోక్ నుంచి బయటికొచ్చి కేప్ హాటెరస్ చుట్టూ తిరిగి వెళ్లాలి. గల్ఫ్ స్ట్రీమ్ (ఉత్తరానికి పారే సముద్ర ప్రవాహం) అక్కడ తీరానికి బాగా దగ్గరగా వస్తుంది. దానికి ఎదురుగా ఉత్తరపు గాలి కొడితే అలలు గోడల్లా లేస్తాయి. వదినగారికి సముద్రం పడదంటున్నావు, మొదటి ట్రిప్పే అక్కడ పెడితే రెండో ట్రిప్పు ఉండదు.

380తో ఆ గొడవ లేదు. మయామీ దగ్గర జూలియా టటిల్ కాజ్‌వే ఒక్కటి 56 అడుగులే, అక్కడ ఎలాగూ సముద్రంలోంచి పోతారు. ఏది చూసినా మాస్టు ఎత్తు నీళ్ల నుంచి కొలిపించు. పైన ఉండే వీహెచ్ఎఫ్ రేడియో యాంటెనా, యాంకర్ లైటు కూడా కలుపుకో. నార్త్ కరోలైనా లోపల సౌండ్లలో (తీరం వెనక ఉప్పునీటి సరస్సుల్లాంటివి) నీటిమట్టాన్ని ఆటుపోట్ల కన్నా గాలే ఎక్కువ మారుస్తుంది, టైడ్ టేబుల్ నమ్మకు.

ఓల్టేజ్:
లిథియం బ్యాటరీలు పెట్టించుకోండి. ఏ బోటైనా సరే. లెడ్ యాసిడ్‌తో పోలిస్తే బరువు సగం కూడా ఉండదు. అల్టర్నేటర్ కాలిపోకుండా డీసీ టు డీసీ చార్జర్ మర్చిపోవద్దు. పాత చార్టర్ (అద్దెకిచ్చే) బోటైతే వైరింగ్ మొత్తం

లంగరు:
మళ్లీ మొదలు.

గోదారి గాలి:
ఆయన బరువు మాట ఎత్తాడు కాబట్టి చెప్తున్నా. అందరూ అడుగులు లెక్కపెడతారు. 380 పొడవు 11.55 మీటర్లు, 450 13.96, అంటే అయిదో వంతు ఎక్కువ. బరువు చూడండి: 380 ఖాళీగా సుమారు 7 టన్నులు, 450 సుమారు 15. తెరచాపలు దాదాపు 77 చదరపు మీటర్లు ఒకదానికి, 130 రెండోదానికి. వించులు (తాళ్లు బిగించే చక్రాలు), తాళ్లు, ఇంజన్లు, అడుగు పెయింటు, అన్నీ బరువును బట్టే పెరుగుతాయి, ఖర్చూ అంతే. 450 వెడల్పు 7.87 మీటర్లు, దాన్ని నీళ్లలోంచి పైకెత్తే లిఫ్ట్ ప్రతి యార్డులో ఉండదు.

అలాగని 380 ఊరికే సుఖం కాదు. ఆరుగురి సామాను, నీళ్లు, డీజిలు, జెనరేటర్, బియ్యం బస్తా (మనవాళ్లు మానరు) ఎక్కించేసరికి అది నీళ్లలోకి దిగిపోతుంది. అప్పుడు మధ్య డెక్కు కింద ఖాళీ తగ్గి ప్రతి అల దబదబా కొడుతుంది. నలుగురికైతే 380, ఆరుగురు ఎప్పుడూ ఉంటే కాదు.

పాతకాపు:
రెండూ బ్లూవాటర్ బోట్లు కావు.

అలల అప్పారావు:
రెండిటికీ సీఈ క్యాటగిరీ ఎ (నడిసముద్రానికి పనికొస్తుందనే యూరప్ సర్టిఫికెట్) ఉంది సార్.

పాతకాపు:
ఆ సర్టిఫికెట్ డిజైన్‌కి ఇస్తారు. నడిపేవాడికి కాదు. బ్లూవాటర్ అంటే తీరం కనపడని రోజులు తట్టుకునేది.

గోదారి గాలి:
బహామాస్‌కి వెళ్లేవాడికి ఆ చర్చ ఎందుకండీ? ఫ్లోరిడా నుంచి బిమినీకి సుమారు 50 నాటికల్ మైళ్లు. ఉత్తరపు గాలి లేని రోజు చూసుకుంటే అయిపోయె.

లంగరు:
ఇన్సూరెన్స్ అడిగారా? ఇంతకుముందు ఏ బోటు ఉండేది?

చెసపీక్ చంటి:
సొంతది లేదు. ఏఎస్ఏ 114 (క్యాటమరాన్ నడిపే కోర్సు) చేశా, బీవీఐలో (బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్) ఒక వారం చార్టర్.

లంగరు:
అయితే 450 సంగతి ముందు ఇన్సూరెన్స్ బ్రోకర్‌ని అడగండి. మొదటి బోటే 46 అడుగులంటే చాలామంది కవర్ ఇవ్వరు. ఇచ్చినా కొన్నాళ్లు లైసెన్సున్న కెప్టెన్‌ని పెట్టుకోమంటారు. హరికేన్ సీజన్ (జూన్ 1 నుంచి నవంబర్ 30) ఎక్కడ ఉంచుతారో కూడా రాయించుకుంటారు. నవంబర్‌లో దక్షిణానికి దిగుతామంటున్నారుగా, ఎప్పటి నుంచి దిగనిస్తారో పాలసీలో చదువుకోండి.

చెసపీక్ చంటి:
46 ఎక్కడిది, అది 45 కదా?

లంగరు:
45 అడుగుల 10 అంగుళాలు. వెనక డింగీ (ఒడ్డుకెళ్లే చిన్న పడవ) వేలాడదీస్తే మెరీనా వాడు దాన్నీ కొలుస్తాడు.

అలల అప్పారావు:
అన్నా, 380లో ఓనర్ వెర్షనా (మూడు క్యాబిన్లది), నాలుగు క్యాబిన్లదా చూసింది? అమ్మానాన్న ఎన్నాళ్లుంటారు? మెట్లు దిగి హల్‌లోకి (క్యాబిన్లుండే పక్క పడవ భాగం) వెళ్లగలరా?

చెసపీక్ చంటి:
నాన్నకి మోకాళ్లు. అది అడగాలి. సరే థాంక్స్ అందరికీ, పొద్దున బ్రోకర్‌కి ఫోన్ చేస్తా.

ఓల్టేజ్:
380లో బ్యాటరీలు ఎక్కడ పెడతారో ఫొటో ఉంటే పెట్టండి.