అంబలి ముందా, అమావాస్య ముందా?

రాజోలు నుంచి అడుగుతున్నానండీ. కోనసీమ మాటలూ ఊళ్ళ పేర్లూ కలిపి అకారాదిగా పేరుస్తున్నాం. మా తమ్ముడు జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాశాడు. పాతిక మాటలున్నప్పుడు బాగానే నడిచింది. జాబితా పెరిగాక ఒక్కోసారి ‘కంపారిజన్ మెథడ్ వయొలేట్స్ ఇట్స్ జనరల్ కాంట్రాక్ట్’ (పోల్చే నియమం పొంతనగా లేదు) అని ఆగిపోతోంది. వాడి నియమం ఇదీ: రెండు మాటల్లోనూ సున్న ఉంటే ఉన్నవి ఉన్నట్టే పోల్చాలి. ఒకదాంట్లోనే ఉంటే సున్న తీసి వర్గాక్షరం పెట్టి, అంటే అంబలిని అమ్బలి చేసి, పోల్చాలి. ఇందులో తప్పేముందంటారు?

పాలకొల్లు నుంచి జవాబు: ఆ నియమమే తప్పండి. అంబలి, అమలాపురం, అమావాస్య తీసుకుని చేత్తో పోల్చి చూడండి.

అంబలి, అమలాపురం రెండింట్లోనూ సున్న ఉంది (పురం చివరిదీ సున్నే, అదీ లెక్కలోకి వస్తుందని ఎవరికీ తట్టదు). కంప్యూటర్లో ఒక్కో అక్షరానికీ గుర్తుకీ ఒక నంబరిచ్చే పట్టిక యూనికోడ్; చిన్న నంబరుది ముందొస్తుంది. అందులో సున్న 3074, మ 3118. కాబట్టి అంబలి ముందు. అమలాపురానికీ అమావాస్యకీ తేడా మ తర్వాత తేలుతుంది: ల 3122, దీర్ఘం 3134. అమలాపురం ముందు. ఇక అమావాస్య, అంబలి. ఇప్పుడు అంబలి అమ్బలి అయిపోతుంది. పొల్లు 3149, దీర్ఘం కన్నా పెద్దది. అమావాస్య ముందు! అంబలి వెనక అమలాపురం, దాని వెనక అమావాస్య, దాని వెనక మళ్ళీ అంబలి. ఇంక వరస ఎక్కడ మొదలెట్టాలి?

32 కన్నా తక్కువ మాటలుంటే జావా ఒక్కోటీ దాని చోట చొప్పించుకుంటూ పోతుంది. వరస ఇలా పొసగకపోతే ఆపే తనిఖీ అక్కడ లేదు, తప్పు వరసే గప్‌చుప్‌గా వచ్చేస్తుంది. ఇలా ఆపే పద్ధతి 2011లో జావా 7తో వచ్చింది. నన్నడిగితే ఆగిపోవడమే నయం, కనీసం తెలుస్తుంది.

పక్కమాటని బట్టి మాట రూపం మారకూడదు. ఒక్కో మాటకీ ముందే ఒక కీ, అంటే పోల్చడానికి మాత్రమే వాడే రూపం, తయారుచేసి, కీలనే పోల్చమనండి. సున్న ఉంచుతారో మారుస్తారో మీ ఇష్టం, అన్నిటికీ ఒకటే పద్ధతి ఉండాలి.

అంబాజీపేట నుంచి: సున్న ఉంచెయ్యండి బాబూ. మార్చారంటే మా ఊరు అమలాపురం వెనక్కి పోద్ది. ఆయ్!

పాలకొల్లు: ఉంచడానికే నా ఓటు కూడానండి. మారుద్దామంటే హంస, అంశం దగ్గర చిక్కు. స, శ ఏ వర్గంలోనూ లేవు కదా. ఇంకో సంగతి. యూనికోడ్‌లో ల పక్కనే ళ, ర పక్కనే ఱ ఉంటాయి. బళ్ళో నేర్చుకున్న వరసలో అవి హ తర్వాత. మీకు ఆ వరసే కావాలంటే కీలో వాటికి హ తర్వాతి నంబర్లివ్వండి. లేకపోతే గోవు కన్నా గోళం ముందొస్తుంది.

రాజోలు: కీలు పెట్టించానండీ. ఎర్రర్ పోయింది, గోవు ముందుకొచ్చింది. కానీ రంపాన్ని కొందరు ఱంపం అని రాసి పంపారు. దాన్నిప్పుడు చిట్టచివర పెట్టాలా?