అప్‌డేట్: న్యూజెర్సీలో ఆపిల్ తోటకి వెళ్లొచ్చాం

అక్టోబర్ చివర్లో అమ్మానాన్నలను తీసుకెళ్తే చెట్ల మీద ఇంకా కాయలుంటాయా అని ఇంతకుముందు ఒక పోస్ట్‌లో అడిగాను, నిన్న వెళ్లొచ్చాం. సెప్టెంబర్‌లో వచ్చే హనీక్రిస్ప్ రకం అయిపోయింది గానీ ఫ్యూజీ, గ్రానీ స్మిత్ రకాలు బాగా ఉన్నాయి. కాయను లాగొద్దు, అరచేత్తో పట్టుకుని పైకెత్తి కొంచెం తిప్పితే తొడిమతో సహా వచ్చేస్తుందని తోటవాళ్లు చూపించారు. లాగితే వచ్చే ఏడాది కాపు ఇచ్చే మొగ్గ కూడా ఊడొస్తుందట. నాన్న ఎంత జాగ్రత్తగా కోశారో! అర బుషెల్ (ఇక్కడ పండ్లు కొలిచే కొలత) సంచి కొన్నాం, దాదాపు 20 పౌండ్లు పట్టింది. గ్రానీ స్మిత్ పులుపు కదా, మామిడికాయ బదులు దాంతోనే అమ్మ పులిహోర చేసింది, చాలా బాగుంది. మిగతావి కడగకుండానే ఫ్రిజ్‌లో పెట్టాం. తడి ఉంటే త్వరగా పాడవుతాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నానికి పార్కింగ్ టెన్షనే.