పోతన పద్యంలోని రాయంచ ఏ పక్షి?

పోతన ప్రహ్లాదుడి నోట పలికించిన ‘మందార మకరంద’ సీసంలో రెండో పాదం ‘నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు రాయంచ సనునె తరంగిణులకు’. దీనికి తాత్పర్యం చెప్పేటప్పుడు రాయంచ అంటే పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగో అని కొందరు, పాశ్చాత్య చిత్రాల్లో కనిపించే తెల్లని స్వాన్ అని మరికొందరు వ్రాస్తున్నారు. ఈ రెండూ పద్యానికి పొసగవని నా అభిప్రాయం.

రాజహంస ప్రకృతి, రాయంచ వికృతి. అమరకోశం ‘రాజహంసాస్తు తే చంచుచరణైర్లోహితైః సితాః’ అంటూ, ముక్కూ కాళ్లూ ఎర్రగా, ఒళ్లు తెల్లగా ఉండేవి రాజహంసలని నిర్వచించింది. ఫ్లెమింగో అనేవారికి బలం ఈ మాటే. అయితే స్వాన్‌కు ఈ నిర్వచనం కుదరదు: స్వాన్‌లలో ముక్కు నారింజరంగులో ఉండే జాతికి కాళ్లు నల్లనివి. పైగా స్వాన్‌లు మన దేశానికి ఎప్పుడో అరుదుగా, అదీ వాయవ్య ప్రాంతానికి మాత్రమే వస్తాయి.

ఇక పోతన వాడిన క్రియను చూడాలి. అది ‘తూఁగు’, ద్రుతం మీద సరళాదేశం వచ్చి ‘దూఁగు’ అయింది. అలల మీద తేలుతూ, అలతోపాటు ఊగే పక్షికే ఆ క్రియ అతుకుతుంది. ఫ్లెమింగో ఎక్కువగా లోతులేని నీటిలో పొడవాటి కాళ్లపై నిలబడి, తల వంచి మేస్తుంది. అది బాతుల కుటుంబానికి చెందినది కూడా కాదు.

నాకు సరిగ్గా సరిపోయేదిగా తోచేది, తలపై రెండు నల్లని అడ్డపట్టెలుండే పెద్దబాతు (గూస్). శాస్త్రవేత్తలు దానిని అన్సర్ ఇండికస్ అంటారు. ‘హంస’, లాటిన్ ‘అన్సర్’, జర్మన్ ‘గాన్స్’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఆ రెండు భాషల్లోనూ అర్థం పెద్దబాతే. చలికాలంలో దక్కను చెరువుల దాకా వచ్చే ఈ పక్షి, వసంతంలో హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా సరస్సులకు మరలిపోతుంది. ఆ ప్రయాణంలో 7,000 మీటర్లకు పైన ఎగిరినట్లు పరిశోధకులు నమోదు చేశారు. వానాకాలంలో హంసలు మానస సరోవరంలో ఉంటాయన్న కవిసమయానికి ఈ రాకపోకలు చక్కగా కుదురుతాయి. హంసగమనం అన్న పోలికకూ ఇదే అనువైనది, ఎందుకంటే పెద్దబాతుల కాళ్లు స్వాన్‌ల కాళ్లంత వెనక్కి ఉండవు కనుక అవి నేలమీద తేలికగా నడుస్తాయి.

ఒక చిక్కు మిగిలే ఉంది: ఈ పక్షి ఒళ్లు బూడిద కలిసిన తెలుపు, ముక్కూ కాళ్లూ పసుపు-నారింజ. అమరుడి తెలుపుకూ ఎరుపుకూ ఇది పూర్తిగా లొంగదు. కవుల హంసలో పరిశీలన కొంత, ఊహ కొంత కలిసి ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. అందుచేత తాత్పర్యంలో ‘రాజహంస’ అనే ఉంచి, అది పెద్దబాతుల జాతికి చెందిన వలసపక్షి అని వివరణలో చెప్పడం ఉచితం. మూలంలో ‘రాయంచ’ ఉన్నచోట ‘పెద్దబాతు’ అని వ్రాస్తే, అర్థం దగ్గరైనా, మందాకినీ వీచికల పక్కన ఆ మాట నిలవదు.