ఇది దేవుడిచ్చిన గురుతేనా? ఎలా తెలుసుకోవాలి?

అందరికీ వందనాలండి. మాది పలాస. జీడిపిక్కలు కొట్టే పని నాది. మా ఆయనకి చెన్నైలో పని ఉందని కబురొచ్చింది. వెళ్లడం దేవుని చిత్తమైతే ఆదివారంలోగా అడ్వాన్సు అందాలని ప్రార్థించాను. శనివారం రాత్రి, వేళ్లకంటిన జీడి మరకలు కొబ్బరినూనెతో రుద్దుకుంటుంటే ఫోన్ మోగింది, డబ్బు పడిందని. ఒళ్లు జలదరించింది.

బైబిల్లో న్యాయాధిపతులు 6వ అధ్యాయంలో గిద్యోను అనే ఇశ్రాయేలు నాయకుడు గొర్రెబొచ్చు పరిచి రెండుసార్లు గురుతు అడిగితే దేవుడు కోప్పడలేదు. మత్తయి 16:4లో మాత్రం సూచక క్రియ, అంటే గురుతు, అడిగేవాళ్లది చెడ్డ తరమని యేసయ్య అన్నారు. పరిసయ్యులు, అంటే అప్పటి యూదు మతపెద్దలు, ఆయన్ని పరీక్షించడానికి అడిగారు, నేను భయపడి అడిగాను. అయినా టెన్షన్ తగ్గట్లేదు. ఇలా అడిగి నిర్ణయం తీసుకున్నవాళ్లు ఉంటే, అది దేవుని పనేనని మీకెలా తెలిసిందో దయచేసి చెప్పండి. బుధవారమే రైలు.