టోకెన్ టచ్ మిషన్ తెలుగులో ఉంటే సాలదా?

బుడ్డల సేను (అనంతపురం):
మొన్న మా జేజిని కంటి ఆస్పత్రికి పిల్చకపోయినా. ఓపీ టోకెన్‌కు టచ్ మిషనే గతి. తెరంతా తెలుగే, బొమ్మలు గూడా ఉండాయి. జేజి కాలింగ్ బెల్ నొక్కినట్ల వేలు పెట్టి అదిమి పట్టుకునింది. ఏం కాల్యా. మళ్లా అదిమింది. ఇంతలో టైమైపోయి తెర మొదటికొచ్చింది. ఎనకనుంచి "జరుగవ్వా" అని ఒగటే గోల. కొత్తోళ్లకు పనికొచ్చేట్ల వీటిని ఎట్ల చేయాలప్పా?

పెన్న గాలి (కడప):
తెరలు గీసేది నా పనే. చానా వాటిల్లో వేలు ఎత్తినప్పుడే నొక్కినట్టు లెక్క. తగలగానే గుండీ రంగు మారి టిక్కుమంటే జేజి చెయ్యి తీసేది. నేనైతే గుండీ రెండు సెంటీమీటర్లకు తగ్గనీను, తెరకు ఒగటే ప్రశ్న పెడతా.

బురుజు నీడ (కర్నూలు):
గుండీ చొక్కాకుంటాది సామీ. దీన్ని మీట అంటారు.

బుడ్డల సేను:
అరవయ్యేండ్లు బుడ్డలు ఒలిచిన వేళ్లన్నా అవి, కాయలు కాసిపోయినాయి. ఈ తెరలు ఒత్తిడి చూడవు, వేలికి పాకే కాస్త విద్యుత్తును చూస్తాయి. ఎండి మొద్దుబారిన తోలును ఒగోసారి గుర్తే పట్టవు. ఇంగ రంగేడ మారేది?

పెన్న గాలి:
అట్లయితే ఒత్తిడితో పలికే పాత రకం రెసిస్టివ్ తెర పెట్టాల. గోరుతో నొక్కినా పలుకుతాది.

సుంకేసుల:
మా పిల్లోడు రెండు నిమిషాల్లో నేర్చుకున్యాడు. అలవాటైతాది లే.

బుడ్డల సేను:
మీ పిల్లోనికి కండ్లల్లో శుక్లాలుండాయా? ఏటీఎం అంకెల్లో 5 మీద బొడిపె ఉంటాది, చూపులేనోళ్లు తడిమి కనుక్కునేకి. నున్నటి అద్దం మీద ఏం తడమాల? అసలు కౌంటర్లో మనిషిని ఎందుకు తీసినారు?

బురుజు నీడ:
5 మీద ఉండేది గూడా మీటే. గుండీ కాదు.

పెన్న గాలి:
కౌంటర్ మనిషి ముచ్చట నాకు చెప్పొద్దు. మా అమ్మకు సదువు రాదు. "బోర్డు చదవలేవా" అని అందరి ముందర అరిచినాడు ఒగడు. ఆ పొద్దునుంచి జొరమొచ్చినా ఆస్పత్రి గడప తొక్కదు. మిషన్ అరవదు. నేనీ పనికొచ్చిందే అందుకు.

బుడ్డల సేను:
అరవదు, నిజమే. బస్సులో జేజి ఏమడిగిందో తెల్సా? "ఆ అద్దానికి నేను కనపడల్యారా?" అని.

పెన్న గాలి:
తెర మీద ప్లాస్టిక్ పొర ఏమన్నా అంటించినారా? మందంగా ఉంటే తాకిడి ఇంకా తగ్గుతాది.

బుడ్డల సేను:
నేనేం చెప్తాండా, నువ్వేం అడుగుతాండావు!